ఏడో బల్ల

ఏడో బల్లను తీసేసిన మూడో రోజు, బుధవారం ఉదయం పదకొండుంబావుకు, ఆ బల్ల నుంచి లోవలక్ష్మికి ఒక ప్రశ్న వచ్చింది.

సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఆ లైసెన్సుల ఆఫీసులో దరఖాస్తు తొమ్మిది బల్లలు దాటితే గాని బయటపడేది కాదు. టిఫిన్ సెంటర్ పెట్టాలన్నా, వెల్డింగ్ షాపు తెరవాలన్నా, పిల్లల బడి నడపాలన్నా ఆ తొమ్మిదింటికీ మొక్కాల్సిందే. 2002లో ఊరంతా కంప్యూటర్ల జపం చేస్తున్న రోజుల్లో, ఆ తొమ్మిదిని నాలుగు చెయ్యమని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని అప్పగించారు. ఆ కంపెనీ పంపిన మనిషి లోవలక్ష్మి. తుని దగ్గర పుట్టి, కాకినాడలో ఇంజనీరింగ్ చదివి, మల్కాజ్‌గిరిలో కాపురం పెట్టింది. ముప్ఫై ఏళ్లు. పట్టిన పని మధ్యలో వదలడం ఆమెకు చేతకాదు.

ఆర్నెల్లు కూర్చుని ప్రతి బల్ల దగ్గరా ఫైలు ఎన్ని రోజులు ఆగుతోందో లెక్క తీసింది. అన్నింటికన్నా ఘోరం ఏడో బల్ల. స్థలం చూసి రావడం ఆ బల్ల పని. అక్కడ పనిచేసిన ఇన్‌స్పెక్టర్ యేసుదాసు రెండేళ్ల కిందట గుండె ఆగి చనిపోయాడు. ఆ పోస్టులోకి ఇంకెవరినీ వెయ్యలేదు. ఆయన బతికున్నప్పుడే ఫైలు అక్కడ సగటున నలభై రోజులు నిద్రపోయేదట. చనిపోయాక ఇక లేవనే లేదు.

లోవలక్ష్మి ఆ బల్లను లేపేసింది. యజమాని సంతకం పెట్టిన హామీపత్రం ఉంటే చాలు, స్థలం చూడక్కర్లేదని రూలు మార్పించింది. పనిలో పనిగా ఫైలును వెనక్కి పంపే బటన్ కూడా తీసేసింది. ఆలస్యం అంతా ఆ వెనక్కి పంపడంలోనే ఉందని ఆమె లెక్కలు చెప్పాయి మరి. సోమవారం మధ్యాహ్నం మీట నొక్కగానే ఏడో బల్ల దగ్గర పడి ఉన్న అరవై మూడు ఫైళ్లు ఒక్కసారిగా కదిలాయి. సాయంత్రానికి అరవై మూడు లైసెన్సులు అచ్చయ్యాయి. అందులో మొదటిది మేబెల్ టీచర్ ప్లే స్కూలుది. నాలుగేళ్లుగా కదలని ఫైలది.

ఆ ఫైలు మీద లోవలక్ష్మికి ప్రత్యేకమైన శ్రద్ధ ఉంది. ఆమె నాలుగేళ్ల కూతురు భానుప్రియ చదివేది అక్కడే. మల్కాజ్‌గిరిలో రెండు ఇరుకు గదుల అద్దె ఇంట్లో పిల్లల్ని కుక్కి నడుపుతూ, మౌలాలిలో తను కొనుక్కున్న స్థలంలో కట్టిన హాలుకు లైసెన్సు రాక, కనిపించినప్పుడల్లా కళ్లనీళ్లు పెట్టుకునేది మేబెల్ టీచర్. లైసెన్సు చేతికందిన మర్నాడే, మంగళవారం, బడి కొత్త హాల్లోకి మారిపోయింది.

ఇక బుధవారం. లోవలక్ష్మి స్క్రీన్ మీద మేబెల్ టీచర్ ఫైలు దానంతటదే తెరుచుకుంది. అడుగున, వ్యాఖ్యలు రాసే గడిలో ఒక్క వరుస.

స్థలం చూసినవారు ఎవరు?

పంపినది: ఏడో బల్ల.

ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుంది. వరుసను చెరిపేసింది. చెరిపేశాకే ఆమెకు ఒక సంగతి తట్టింది. ఆ ఆఫీసు కంప్యూటర్లలో ఇంగ్లీషు తప్ప మరో అక్షరం పడదు. తెలుగు ఫాంటు తెప్పించాలని రెండు నెలలుగా కంపెనీకి ఉత్తరాలు రాస్తున్నది తనే.

ఆ సాయంత్రం ఇంట్లో భాను అన్నం తింటూ అంది. “అమ్మా, కొత్త క్లాసులో మేం మధ్యలో కూచోం.”

“ఏటమ్మా? ఎందుకని?”

“తడి.”

“ఎవరైనా నీళ్లు పోశారేటి?”

భాను తల అడ్డంగా ఊపి, మజ్జిగ కావాలంది. లోవలక్ష్మి కూతురి యూనిఫాం తీసి చూసింది. గౌను పొడిగా, దుమ్ముగా ఉంది. జూన్ రెండో వారం వచ్చినా ఊళ్లో ఇంకా ఒక్క చినుకు పడలేదు.

గురువారం పదకొండుంబావుకు ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్క ఫైల్లో కాదు. అరవై మూడు ఫైళ్లలోనూ అదే వరుస, అదే గడిలో. లోవలక్ష్మి సర్వర్ గదిలోకి వెళ్లి, ఆఫీసు మొత్తాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఎవరు ఎక్కడి నుంచి లాగిన్ అయ్యారో చూసింది. ఎవరూ కాలేదు. ఏడో బల్ల అనే పేరే జాబితాలో లేదు.

ఆఫీసరు తిరుమల్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన పాన్ నములుతూ విన్నాడు.

“వైరస్ అయ్యుంటది లేమ్మా. ఇప్పుడు లేనిపోని పరేషాన్ పెట్టకు. రేపు పన్నెండింటికి మినిస్టర్ గారొస్తున్నరు. నాలుగేళ్ల ఫైలు నాలుగు గంటల్లో పాసైందని నువ్వే స్టేజి మీద చూపించాలె. మేబెల్ టీచర్ని సుత పిలిచిన, దండ వేయించాలె.”

“ఆ ఫైలు నాలుగేళ్లు ఎందుకు ఆగిందో ఎక్కడా రాయలేదండీ. అభ్యంతరం అని ఒక్క ముక్క లేదు.”

“యేసుదాసు సంగతి నీకు తెల్వదు. ఆయన రాసేటోడు కాదు, తిరిగేటోడు. రాయకపోతే అభ్యంతరం లేనట్టే లెక్క. పో, స్లైడ్లు చేసుకో.”

శుక్రవారం పొద్దున పదింటికి ఆమె స్లైడ్లు చేసుకోలేదు. మెట్ల కింద ఉన్న రికార్డు గదికి వెళ్లింది. అక్కడ అటెండర్ వీరయ్య ముప్ఫై ఏళ్లుగా పాత కాగితాలకు కాపలా ఉన్నాడు. గదిలో ఒక మూల చెక్కబల్ల బోర్లించి ఉంది. దాని కాలు మీద తెల్ల పెయింటుతో ఏడు అంకె.

“ఏంది మేడం, గిట్లొచ్చిన్రు? ఈడ కంప్యూటర్ లేదు, ఎలుకలున్నయ్. మీ మౌస్‌లు గావు, అసలువి,” అన్నాడు వీరయ్య.

“వీరయ్యగారూ, యేసుదాసుగారు ఫైళ్లు అన్నేసి రోజులు ఎందుకు ఆపేవారండీ?”

“ఆయన ఆపుతడా? మన్ను ఆపుతుండె.”

“మన్ను ఏటండీ?”

వీరయ్య స్టూలు ముందుకు జరిపాడు. ఇంతకాలానికి ఈ మాట అడిగిన మనిషి దొరికినందుకు అతని ముఖం విప్పారింది. “సార్ రోజు పదకొండుంబావుకు సైకిలేసుకొని జాగకు పోతుండె. ఆడ జానెడు లోతు తవ్వి, గుప్పెడు మన్ను పేపర్ల కట్టుకొని తెస్తుండె. పొట్లం మీద ఫైలు నంబరేసి, ఆ ఇనప బీరువా మీద పెట్టేటోడు. పొట్లం ఆరితే సంతకం. ఆరకపోతే మళ్ల పోయి చూసొస్తడు. ఎవరన్న అడిగితే, ‘కాగితం అబద్ధమాడుతది వీరయ్యా, మన్ను ఆడదు’ అంటుండె. అందరు నవ్వెటోళ్లు, మన్ను సారు అని. ఆరిన పొట్లాన్ని ఫైలుకు గుండుసూదితో గుచ్చేటోడు, నేను చూసిన అని సాక్ష్యం.”

“స్కాన్ చేసిన ఫైళ్లలో అలాంటివేమీ లేవే?”

“ఎందుకుంటయ్? మీ పోరగాళ్లు మిషన్ల కాగితం ఇరుక్కుంటున్నదని అన్నీ పీకి చెత్తల పడేసిన్రు గదా. ‘పిన్నులు, చెత్త తీసెయ్యాలె’ అని మీరే రాసిచ్చిన్రట, గోడకు అంటించిన్రు.”

నిజమే. ఆ కాగితం మీద సంతకం తనదే.

“నేనయితే పారెయ్యలే,” అన్నాడు వీరయ్య, బీరువా వెనక నుంచి ఒక గోనెసంచి లాగుతూ. “చెత్తలయి, బీరువా మీదియి, అన్నీ సార్ చేతితోటి తెచ్చినయ్. మనసొప్పలే.”

సంచిలో వందల పొట్లాలు. పసుపుపచ్చగా మారిన వార్తాపత్రిక ముక్కలు, ఒక్కొక్కటీ నిమ్మకాయంత. పట్టుకుంటే చాలు పెళుసుగా విరిగిపోతున్నాయి. లోవలక్ష్మి నేల మీద కూర్చుని నంబర్లు చూస్తూ ఒక్కొక్కటీ పక్కన పెట్టింది. మేబెల్ టీచర్ ఫైలు నంబరు ఆమెకు కంఠతా వచ్చు.

అది సంచి అడుగున దొరికింది. తాకగానే చెయ్యి వెనక్కి తీసుకుంది.

పొట్లం చల్లగా ఉంది. తడిగా ఉంది. పత్రిక ముక్క మీద తేదీ 1998 మే నెలది. అచ్చు అక్షరాలు తడికి ఉబ్బి పక్కకు పాకాయి. దాని పక్కనున్న పొట్లాలన్నీ ఎండిపోయి పొడి రాలుతుంటే, ఇదొక్కటే ఇప్పుడే బావిలోంచి తీసినట్టు ఉంది. ఆమె అరచేతిలోకి ఒక నల్లటి నీటిబొట్టు జారింది.

“నాలుగేండ్లు,” అన్నాడు వీరయ్య మెల్లగా. అతను నవ్వడం లేదు. “నాలుగు ఎండకాలాలు బీరువా మీదనే ఉండె మేడం. సార్ పోయిన రోజు సుత అదే తీసి చూసిండు. ‘ఆరలేదురా వీరయ్యా, రేపు మళ్ల పోవాలె’ అన్నడు. ఆ రేపు రాలే.”

గోడ గడియారం పదిన్నర దాటింది. లోవలక్ష్మి మేడ మీదికి పరిగెత్తింది.

బడికి ఫోన్ చేసింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. తిరుమల్ వరండాలో షామియానా వేయిస్తున్నాడు.

“సర్, ఆ లైసెన్సు ఆపాలి. ఇప్పుడే.”

“పిచ్చి గాని లేసిందా? అచ్చయిపోయింది, సంతకమైపోయింది. ఎట్ల ఆపుతం? నీ సిస్టంల వెనక్కి పంపే దారేది?” ఆయన గొంతులో కోపం కన్నా వెటకారం ఎక్కువుంది. “దారి తీసేసినందుకే నీకియ్యాల శాలువ కప్పుతున్నం!”

ఆమె గేటు దాటింది. ఆమె వెనక తిరుమల్ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు.

మౌలాలికి ఆటో పట్టేసరికి పదకొండు అయింది. లాలాగూడ దాటాక రైల్వే గేటు పడింది. ఒక గూడ్సు బండి, దానికి అంతం లేదు. లోవలక్ష్మి ఒళ్లో చేతి రుమాలులో చుట్టిన పొట్లం ఉంది. రుమాలు తడిసి, ఆ తడి చీర కుచ్చిళ్లలోకి దిగుతోంది. గుప్పెడు మట్టిలో ఇంత నీరు ఎక్కడిది? ఆటోవాలా అద్దంలోంచి చూసి, “ఏం మేడం, చేపలా?” అన్నాడు. ఆమె విప్పి చూసే ధైర్యం చెయ్యలేదు.

సెల్‌ఫోన్‌లో గంట చూసింది. పదకొండుంబావు. సరిగ్గా ఆ నిమిషానికే, నంబరు లేకుండా, ఫోనులో ఒక సందేశం వచ్చింది. ఆ ఫోనుకు తెలుగు రాదు. అక్షరాలకు బదులు వరుసగా చిన్న చిన్న డబ్బాలు పడ్డాయి. చివర ఒక్క ప్రశ్నార్థకం మాత్రం స్పష్టంగా ఉంది.

గేటు లేచింది.

గుట్ట కింద, దర్గాకు పోయే దారిలో, చదును చేసిన స్థలంలో కొత్త హాలు తెల్లగా మెరుస్తోంది. ముందు వేపచెట్టు, ఇనప గేటు, గోడ మీద ఏనుగుల బొమ్మలు. లోపల నుంచి పాట వినిపించాల్సిన వేళ. ఏమీ వినిపించడం లేదు. లోవలక్ష్మి చెప్పులు విడవకుండానే గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

హాలు పెద్దది. నేల మీద షాబాద్ బండలు పరిచారు. మధ్యలో ఎర్ర జంపఖానా, దాని మీద చెక్క గుర్రం, బంతులు, వంటసామాను బొమ్మలు కుప్పగా పోసి ఉన్నాయి. ఒక్క బొమ్మ దగ్గరా పిల్ల లేదు. ఇరవై రెండు మంది పిల్లలూ గోడల వెంబడి కూర్చున్నారు. గోడలు నలుచదరంగా ఉన్నాయి, కానీ పిల్లలు వదిలిన ఖాళీ గుండ్రంగా ఉంది. ముగ్గు గీతతో గీసినట్టు గుండ్రం. మూలల్లో ఉన్న పిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు, గోడ మధ్యలో ఉన్నవాళ్లు కాళ్లు ముడుచుకుని గోడకు అతుక్కుపోయారు. ఒక్క కాలివేలు కూడా ఆ గీత దాటలేదు.

“వచ్చారా లోవా! దండ కోసం నేనే బయల్దేరుతున్నాను.” పట్టుచీర కట్టుకున్న మేబెల్ టీచర్ ఎదురొచ్చింది. అరవై ఏళ్ల గట్టి మనిషి. “చూడండి వీళ్ల అల్లరి. మంగళవారం నుంచి ఇంతే. బొమ్మలు పోశాను, చాక్లెట్లు పెట్టాను, ఒక్కడూ మధ్యలోకి రాడు. తడి అంటారు. ఎక్కడుంది తడి? వీళ్ల కోసం ఆయా ఆలిస్ తడిగుడ్డతో తుడవడం కూడా మానేసింది, కావాలంటే చూడండి.”

“టీచర్, పిల్లల్ని బయటకు పంపండి.”

“వాట్?”

“పిల్లలు వదిలిన ఆ గుండ్రం చూడండి. ఈ హాలు కింద బావి ఉంది. పాతది. కప్పేసి చదును చేశారు. ఎవరూ వచ్చి చూడలేదు. చూసిన ఒక్కాయన సంతకం పెట్టలేదు.”

మేబెల్ టీచర్ ముఖం ఎర్రబడింది. “నాకు లైసెన్స్ ఇప్పించింది మీరు. సోమవారం నా చెయ్యి పట్టుకుని కంగ్రాట్స్ చెప్పింది మీరు. నాలుగేళ్లు ఏడ్చాను లోవా. ఇవాళ బావి అంటారా? నా ప్రావిడెంట్ ఫండ్ అంతా ఈ బండల కిందే ఉంది. బావి ఉంటే కూలిపోవాలి కదా! ఇదిగో, చూడండి!”

ఆపేలోపే ఆమె జంపఖానా మీదికి నడిచింది. బొమ్మల కుప్ప పక్కన నిలబడి, చెప్పుకాలితో నేలను గట్టిగా తన్నింది. మూడుసార్లు.

పిల్లలకు అది రోజూ చెప్పే లెక్కలాగే అనిపించిందేమో, అందరూ కలిసి పలికారు. “వన్. టూ. త్రీ.”

“విన్నారా? రాయిలా ఉంది,” అంది మేబెల్ టీచర్.

హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప మరేదీ లేదు. ఆ తర్వాత, ఆమె పాదాల కింద, చాలా లోతు నుంచి, ఎవరో అరచేత్తో తలుపు తట్టినట్టు వినిపించింది. తొందర లేకుండా. ఒకదాని తర్వాత ఒకటి.

పిల్లలు లెక్క కొనసాగించారు.

“ఫోర్. ఫైవ్. సిక్స్.”

మేబెల్ టీచర్ తల వంచి కిందికి చూసింది. పట్టుచీర అంచు కింద ఆమె పాదాల చుట్టూ ఎర్ర జంపఖానా నల్లబడుతోంది.

“కదలొద్దు,” అంది లోవలక్ష్మి. “బరువు వెయ్యకండి. పాదం ఎత్తకుండా జారుతూ రండి. నా వైపు. అలాగే.”

ఒక్కొక్క అడుగూ ఒక్కొక్క ఏడాదిలా గడిచింది. మేబెల్ టీచర్ చెయ్యి అందగానే లాగి గుమ్మంలో పడేసింది. పిల్లల వైపు తిరిగింది. అరవకూడదు. అరిస్తే బెదిరి మధ్యలోంచి పరిగెడతారు.

“రైలాట ఆడదామా? భానూ, నువ్వు ఇంజను. గోడ పట్టుకునే రావాలి. గోడ వదిలితే అవుట్.”

భాను లేచింది. వెనకవాడు ఆమె గౌను పట్టుకున్నాడు, వాడి చొక్కా ఇంకొకరు. ఇరవై రెండు మంది గోడను రాసుకుంటూ, ఆ గీతకు అవతలే, గుమ్మం వైపు వచ్చారు. లోవలక్ష్మి ఒక్కొక్క తల మీదా చెయ్యి వేసి లెక్కపెట్టింది. పద్నాలుగు దగ్గర చెక్క గుర్రం ఒక పక్కకు ఒరిగింది. పంతొమ్మిది దగ్గర బంతులు వాటంతటవే మధ్యలోకి దొర్లడం మొదలుపెట్టాయి. ఇరవై ఒకటి. ఇరవై రెండో పిల్ల ఊడిన చెప్పు కోసం వెనక్కి తిరిగింది. లోవలక్ష్మి ఆ పిల్లను నడుం పట్టి ఎత్తుకుని వేపచెట్టు దాకా ఆగకుండా పరిగెత్తింది.

పెద్ద శబ్దమేమీ కాలేదు. అన్నం గిన్నెలో గరిటె దిగినంత మెత్తగా హాలు మధ్యభాగం లోపలికి దిగిపోయింది. బండలు, జంపఖానా, గుర్రం. కాసేపటికి, అంత లోతు నుంచా అనిపించేంత ఆలస్యంగా, నీళ్ల చప్పుడు వినిపించింది. గుమ్మంలోంచి చల్లటి గాలి బయటికొచ్చింది. పాతకాలపు, పాచి వాసన వేసే గాలి.

మేబెల్ టీచర్ గేటు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఆలిస్ శిలువ గీసుకుంటూ పిల్లల్ని దగ్గరికి లాక్కుంటోంది. భాను తల్లి కొంగు లాగి అడిగింది. “ఇంజను గెలిచిందా అమ్మా?”

“గెలిచింది తల్లీ.”

ఫోను మోగింది. తిరుమల్.

“యాడున్నవ్? మినిస్టర్ గారి కార్లు సంగీత్ చౌరస్తా దాటినయట! ఏ ఫైలు చూపించాలె ఇప్పుడు?”

“ఏ ఫైలూ వద్దు సర్.” లోవలక్ష్మి ఊపిరి అందుకుంది. “ఇక్కడ నేల దిగిపోయింది. పిల్లలందరూ బయటే ఉన్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. మినిస్టర్ గారికి ఇది చెప్పండి, లేకపోతే నేనే వచ్చి స్టేజి మీద చెప్తాను. ఫైరింజన్ పంపండి. తర్వాత సోమవారం మనం పాస్ చేసిన జాబితా తియ్యండి. వీరయ్యగారిని ఫోను దగ్గరికి పిలవండి, ఆ సంచి కూడా తెమ్మనండి.”

అవతల తిరుమల్ వీరయ్యను కేకేశాడు. షామియానా కింద మైకు టెస్టింగ్ వినిపిస్తోంది. ఆ తర్వాత వీరయ్య గొంతు వచ్చింది. ఆయాసపడుతున్నాడు.

“మేడం, సంచి అడుగు తడిసింది. ఇంకో నాలుగు పొట్లాలు. పొద్దున ఇవి ఎండిపోయే ఉండె, నేను చూసిన.”

“నంబర్లు చూసి అడ్రసులు చదవండి వీరయ్యగారూ. మనుషులు ఎక్కువుండే చోటు ముందు.”

కాగితాలు తిప్పుతున్న చప్పుడు. “అల్వాల్ల ఒక లేడీస్ హాస్టల్. డెబ్బై మంది ఉంటరట.”

లోవలక్ష్మి భానును చంకనేసుకుని, గేటు బయట ఇంకా నిలబడే ఉన్న ఆటోలో ఎక్కి కూర్చుంది.